లైన్ల కరెంటు లేదన్నరు

ముప్పై మూడేండ్లు స్తంభాలెక్కిన.
ఆఖరిసారి దిగినంక ఖాతాల పడ్డయి
ఇరవై రెండు లక్షల నలబై వేలు.
పాసుబుక్కు అచ్చు కొట్టించుకొని
బ్యాంకు మెట్ల మీదనే కూసొని
సున్నాల మీద వేలు పెట్టుకుంట మూడుమాట్ల సదివిన.

మణెమ్మ అన్నది: "గివి నీ కాళ్ల పైసలు."
నిజమే. మోకాలిచిప్పలు రెండూ ఆ ఖాతాలనే ఉన్నయి.

శశిధర్ అని ఒక పిలగాడొచ్చిండు,
ఇస్త్రీ అంగీ, మెల్లగ మాట.
"బ్యాంకుల ఉంటే నిద్రవోతయి అంకుల్.
మాది ప్రైవేటు ఫండు, అందరికి దొరకది.
ఎండ్ల పెట్టాల్నో మీరే రాస్తరు, సంతకం మీదే,
మీ పైసలకు మీరే మేనేజరు."

నన్నెవ్వరు మేనేజరు అనలే ఇప్పటిదాక.
ఏఈ సారు "ఒరేయ్" అనెటోడు,
రైతులు "లైన్‌మనూ" అనెటోళ్లు,
పొట్టకొచ్చిన వరి ఎండే రాత్రి
వాళ్లు అన్నయి ఈడ రాయరాదు.

కాయిదం మీద బొమ్మ ఉన్నది.
జడ్చర్ల అవుతల కోల్డ్ స్టోరేజి,
చింతపండు, ఎండుమిరప, నాలుగు గదులు,
ఏడాదికి నూటికి పదహారు.
ఐదేండ్లు తియ్యరాదన్న ముక్క మాత్రం
చీమలబారు లెక్క అడుగున ఉన్నది,
అద్దాలు తుడుసుకుంటె గాని అగుపడలే.

సంతకం పెట్టబోతుంటె
పర్వతాలు యాదికొచ్చిండు.
వానకాలం, వెల్దండ కాడ.
సబ్‌స్టేషన్ల ఆపరేటరు
"ఎల్సీ ఇచ్చిన, లైన్ల కరెంటు లేదు, ఎక్కు" అన్నడు.
అబద్దం చెప్పలే ఆయన. ఆయన దిక్కు బందే ఉన్నది.
అవుతల ఫంక్షన్ హాల్ల పెండ్లి,
జనరేటరు ఏసిండ్రు,
ఆ కరెంటు ఎనక తొవ్వల వచ్చింది.
ఎర్తు రాడ్లు బండి మీదనే ఉన్నయి.
గంతే. ఇంక చెప్ప.

తెల్లారి ఎవ్వరికి చెప్పకుంట జడ్చర్ల బస్సెక్కిన.
లెక్కల బుక్కులు నాకు తెల్వయి.
మీటరు తెలుసు.
వాచ్‌మన్‌కు "డిపార్ట్‌మెంటోన్ని" అన్న,
సగం అబద్దం. బీడీ ఇచ్చి మరీ గది తెరిసిండు.
బటన్ నొక్కిన. నూట యాబై తాగాల్సిన కాడ
నలబై ఒకటి తాగుతున్నది.
ఒక్క గదిల సల్లగ చింతపండు వాసన,
తక్కినయాట్ల బల్లులు, చిరిగిన గోనెసంచులు.
"సీజన్ గాదు సారూ, కొత్త పండు రానీ,
నాలుగూ నిండుతయి" అన్నడు వాచ్‌మన్.
గావచ్చు.
కాని మనిషి మర్సిపోయింది మీటరుకు యాదుంటది.
మల్ల నొక్కిన, పోయిన నెల, దానెనక నెల,
ఎండకాలం దాక ఎనక్కి పోయిన.
డెబ్బై రెండు దాటలే ఏనాడూ.

మోసం గాదు. సగం.
సగానికి పేరేందో నాకు తెల్వది.

సాయంత్రం శశిధర్ పెన్ను తీసుకొని వచ్చిండు.
నేను చీటీ ముక్క మీద రాసుకున్న నెంబర్లు చూపిచ్చిన.
మస్తుసేపు చూసిండు.
ఇస్త్రీ అంగీల చెమట ఇంకుతనే ఉన్నది.
"మా అమ్మయి రెండు లక్షలు అండ్లనే ఉన్నయి అంకుల్,
బీడీలు చుట్టి జమచేసినయి.
మొదలు ఆమెతోనే పెట్టిచ్చిన."

ఈ పిలగాడు గూడ అబద్దం చెప్పలే.
ఈయన దిక్కు బందే ఉన్నది.

చాయ తాగమన్న. తాగలే.
రేపు పొద్దుగాల ఇద్దరం పోదాం,
మీటరు ఎట్ల సదవాల్నో చూపిస్త,
ఆపీసుల ఏం అడగాల్నో ఆడనే చూద్దాం అన్న.
తలకాయ ఊపి బండి స్టార్టు చేసిండు,
లైటు వేసుకోవుడు మర్సిపోయిండు.

మణెమ్మ గురక పెడుతున్నది.
ఇరవై రెండు లక్షల నలబై వేలు
బ్యాంకుల నిద్రవోతున్నయి.
నాకే పడ్తలేదు.